ప్రజాతీర్పు అనే కట్టుకథ

ముందు మూడు లెక్కలు చూడండి. 2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లొచ్చాయి. 175 సీట్లలో దక్కినవి 23. 2024లో అదే రాష్ట్రంలో వైయస్సార్ కాంగ్రెస్‌కి 39.37 శాతం. దక్కిన సీట్లు 11. ఈ రెంటికీ మధ్య, 2023లో, తెలంగాణలో కాంగ్రెస్‌కి 39.40 శాతం. 119లో 64 సీట్లు, ముఖ్యమంత్రి కుర్చీ.

మూడుచోట్లా మద్దతు దాదాపు ఒకటే. పదిమందిలో నలుగురికి కాస్త తక్కువ. కానీ మనం చెప్పుకున్న కథలు మూడు. ఒకచోట జనం తుడిచిపెట్టేశారు. ఇంకోచోట జనం అహంకారానికి బుద్ధి చెప్పారు. మూడోచోట జనం పట్టం కట్టారు. ఎంతమంది అన్నది మారకుండానే తీర్పు ఇన్ని రకాలుగా మారుతోందంటే, ఆ తీర్పు చెప్తున్నది జనమేనా, లెక్కపెట్టే పద్ధతా?

నా తగువు పార్టీలతో కాదు, మనతోనే. సాహిత్యం చదివేవాళ్ళతో, రాసేవాళ్ళతో. కథలో ఒక పాత్ర ఎందుకలా చేసిందో సరైన ఆధారం లేకపోతే రచయితని నిలదీస్తాం. అదే మనం, ఫలితాలొచ్చిన సాయంత్రం సీట్ల పట్టిక ముందేసుకుని కోట్లమంది మనసులో ఏముందో చెప్పేస్తాం. ఓడిన పార్టీకి ఓటేసిన కోటిమందికి పైగా మనుషులు ఆ వాక్యంలో ఎక్కడున్నారు? వాళ్ళు "ప్రజలు" కారా?

పద్ధతి మనకి తెలిసిందే. ప్రతి నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడు గెలుస్తాడు, మిగతావాళ్ళ ఓట్లు అక్కడితో ఆగిపోతాయి. కాబట్టి ఎన్ని ఓట్లన్నది కాదు, ఎక్కడ పడ్డాయన్నది ముఖ్యం. జనసేననే చూడండి. 2019లో రాష్ట్రమంతా చెదిరిన ఐదున్నర శాతం ఓట్లతో ఒక్క సీటు. 2024లో పొత్తులో 21 చోట్లే పోటీ చేసి, ఏడు శాతం లోపు ఓట్లతో 21కి 21. ఇక 2014 లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో ఓట్లపరంగా మూడో స్థానం బీఎస్పీది. రెండు కోట్లు దాటాయి ఓట్లు. సీట్లు సున్నా.

ఒకే నియోజకవర్గంలోనూ ఈ పద్ధతి సరిగ్గా పనిచేయదు. తొమ్మిదిమంది స్నేహితులు టూర్ వేసుకుంటున్నారనుకోండి. నలుగురు గోకర్ణం అన్నారు, ముగ్గురు అరకు, ఇద్దరు లంబసింగి. కొండలు కావాలన్న ఐదుగురికీ సముద్రం అసలు వద్దు, అరకు అయినా లంబసింగి అయినా సరే. మన ఎన్నికల లెక్కలో గోకర్ణం గెలుస్తుంది. తొమ్మిదిమందిలో ఐదుగురు చిట్టచివర పెట్టినది అందరి నిర్ణయం అవుతుంది. "అది కాకపోతే మీ రెండో ఇష్టం ఏమిటి?" అని ఆ ఇద్దర్నీ అడిగుంటే అరకుకి ఐదు ఓట్లు వచ్చేవి. బోర్డా, కొండొర్సే అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఈ లోపం గురించి పద్దెనిమిదో శతాబ్దంలోనే రాశారు. కొత్త సంగతేం కాదు.

అసలు కోపం రావాల్సింది ఇక్కడ. ఆ రెండో ప్రశ్న మన దేశంలో అడుగుతారు, కాకపోతే మనల్ని కాదు. రాజ్యసభ సభ్యుల్ని ఎన్నుకునే ఎమ్మెల్యే 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేస్తాడు. రాష్ట్రపతి ఎన్నికా అంతే. 1969లో ఇద్దరు తెలుగువాళ్ళు, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, తలపడ్డారు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. గెలవడానికి కావాల్సినవి 4,18,169. ఎవరికీ రాలేదు. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్‌కి లక్షకు పైగా ఉన్నాయి. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి 4,20,077తో గెలిచారు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. దాదాపు 88 వేల తేడా 15 వేల లోపుకి దిగింది. గెలిచిన మనిషి మారలేదు. కానీ ఓడినవాడికి ఓటేసినవాళ్ళ మాట కూడా చివరిదాకా లెక్కలో నిలిచింది.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోనూ ఇదే పద్ధతి. అంటే డిగ్రీ ఉంటే నీ రెండో ఇష్టం అడుగుతారు. లేకపోతే ఒక మీట నొక్కి వెళ్ళిపో. రాజ్యాంగ సభలో దామాషా పద్ధతి చర్చకి వచ్చినప్పుడు అంబేడ్కర్ చెప్పిన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి రెండు. మనకి అక్షరాస్యత చాలదు, ప్రభుత్వాలు నిలబడవు. అప్పటికి ఆ భయం అర్థమవుతుంది. కానీ ఇవాళ కూరగాయల బండి దగ్గర ఫోన్ తీసి పిన్ కొట్టే మనిషి పేర్ల పక్కన 1, 2, 3 వేయలేడని ఎవరైనా అంటే, అది లెక్కల సమస్య కాదు, చిన్నచూపు.

ఇక స్థిరత్వం. 2019లో సగం ఓట్లకి 86 శాతం సీట్లు, 2024లో కూటమికి 55 శాతం ఓట్లకి 94 శాతం సీట్లు. ప్రభుత్వాలైతే ఐదేళ్ళు కదలవు. మరి నిర్ణయాలు? 2015లో అమరావతికి శంకుస్థాపన, 2019 చివర్లో మూడు రాజధానుల ప్రకటన, 2024లో మళ్ళీ అమరావతి. ఎదుటిపక్షాన్ని ఒప్పించాల్సిన అవసరమే లేని మెజారిటీ వచ్చిన ప్రతిసారీ ఒక రాష్ట్రం మొదటికొస్తే, దాన్ని స్థిరత్వం అని ఎలా అంటాం?

ఈ మాట ఎత్తగానే, కాస్త చదువుకున్నవాళ్ళు కెన్నెత్ ఆరోని బయటికి తీస్తారు. ముగ్గురో అంతకంటే ఎక్కువమందో పోటీలో ఉంటే, ప్రాధాన్యాల్ని కలిపే ఏ పద్ధతీ కొన్ని సబబైన షరతులన్నిటికీ ఒకేసారి నిలబడలేదని ఆయన 1951లోనే నిరూపించాడు, ఇంక మార్చి ఏం లాభం అని. సిద్ధాంతం నిజమే. దాన్నుంచి వీళ్ళు లాగే నీతే తప్పు. ఏ గొడుగూ పూర్తిగా తడవకుండా ఆపదని తెలిసి ఎవరూ గొడుగు పారేయరు. ఆరో చెప్పింది లోపం లేని పద్ధతి ఉండదని. అన్ని లోపాలూ సమానమని కాదు. ఏ లోపాన్ని భరించాలో ఎంచుకోవడం మన పని.

ప్రాధాన్యాలు వేయించడం ఒక్కటే చాలదు, అదీ ఒప్పుకుందాం. నియోజకవర్గాల్ని పెద్దవి చేసి, ఒక్కోదాన్నుంచి ముగ్గుర్నో ఐదుగుర్నో ఎన్నుకుంటే సీట్లు ఓట్లకి దగ్గరగా వస్తాయి. ఐర్లండ్ వందేళ్ళుగా చేస్తున్నదదే. న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో తక్కువ ఓట్లొచ్చిన పార్టీ ఎక్కువ సీట్లతో గద్దెనెక్కింది. జనం ఊరుకోలేదు. 1993లో రెఫరెండం పెట్టి పద్ధతే మార్చుకున్నారు. మన దగ్గర ఓడిన పార్టీకి తప్ప ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. మళ్ళీ గెలవగానే దానికీ గుర్తుండదు. 39 శాతంతో 23 సీట్లకి పడిపోయినవాళ్ళూ, 39 శాతంతో 11కి పడిపోయినవాళ్ళూ కలిసి అడగాల్సిన ప్రశ్న ఇది. ఎప్పటికీ కలిసి అడగరు.

అందుకే ఆ పని పార్టీలకి వదిలేయలేం. చట్టం మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. వాక్యం మార్చడం ఉంది. ఈసారి ఫలితాల సాయంత్రం "ప్రజలు తిరస్కరించారు" అని టైప్ చేయబోయే ముందు ఓట్ల శాతం చూడండి. ఆ ప్రజల్లో ఎంతమంది తిరస్కరించలేదో ఆ వాక్యంలోనే రాయండి.