రెండు కార్డులు, ఒక చీటీ డబ్బు

పోయిన నెల నేను చీటీ పాడాను. చేతికి రెండు లక్షల నలభై వేలు వచ్చాయి. ఇంట్లో ఆ కబురు తెలిసిన వారంలోపే మా చిన్నోడు నోరు విప్పాడు. వాడు బీటెక్ రెండో ఏడు.

"అమ్మా, 5090 కొనిపెట్టండి. ఇక నాలుగేళ్లు ఏమీ అడగను."

5090 అంటే ఏదో బండి అనుకున్నాను. కాదట, కంప్యూటర్‌లో పెట్టే గ్రాఫిక్స్ కార్డు. ఎన్విడియా వాళ్లు 2025 జనవరిలో తెచ్చారు. మన దేశంలో ప్రకటించిన ధర 2 లక్షల 14 వేలు. షాపుల్లో అంతకంటే ఎక్కువే చెబుతున్నారు. చేయి తిప్పుకునేలోపు చీటీ మొత్తం ఊడ్చుకుపోతుందన్నమాట.

"దాని కింది రకం లేదా?" అన్నాను. ఉంది, 5080, 2025లో దానికి ప్రకటించిన ధర 1 లక్షా 7 వేలు. "కానీ అది వేరే, ఇది వేరే. నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాడు. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "పోన్లే, మగపిల్లాడు నోరు తెరిచి అడిగాడు, కొనిద్దాం" అన్నారు.

అక్కడే నాకు చురుక్కుమంది. కార్డు గురించి కాదు. రెండేళ్ల కిందట మా పెద్దది ల్యాప్‌టాప్ అడిగింది. అది ఆర్కిటెక్చర్ చదువుతోంది. అప్పుడు ఇదే హాల్లో, ఇదే కుర్చీల్లో కూర్చుని దాన్ని ఎన్ని అడిగామో నాకు గుర్తుంది. ఎందుకు? కాలేజీలో లేవా? అంత పెద్దది కావాలా? రేపు పెళ్లయి వెళ్లాక ఏం చేస్తావు? చివరికి మా ఆడపడుచు కొడుకు వాడి వదిలేసింది ఇప్పించాం. ఆ ప్రశ్నలు అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.

అందుకని ఈసారి వాణ్ని కూర్చోబెట్టాను. "అర్థమయ్యేట్టు చెప్పు. అర్థం కాకపోతే డబ్బు లేదు" అన్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. బియ్యం రకాలు రెండు పక్కపక్కన పెట్టి చూసే ఏ ఆడదానికైనా అర్థమయ్యేదే.

లెక్క ఇలా ఉంది. 5090లో లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు 21,760. 5080లో 10,752. అంటే దగ్గర దగ్గర రెట్టింపు. కార్డు మీద ఉండే సొంత మెమరీ ఒకదానికి 32 జీబీ, ఇంకోదానికి 16. అదీ రెట్టింపే. ప్రకటించిన ధరా రెట్టింపే. మరి పని? అక్కడ మాత్రం రెట్టింపు లేదు. ఈ కార్డులను పోల్చేవాళ్లు ఒకే గేమ్‌లో ఒకే దృశ్యాన్ని రెండిటి మీదా నడిపి, సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో లెక్కపెడతారు. వాటిని ఫ్రేములంటారు. 4కే తెర మీద 5080 వంద ఫ్రేములు గీసే చోట 5090 నూట యాభై దరిదాపుల్లో గీస్తుంది. రెండింతలు డబ్బు పోస్తే ఒకటిన్నర ఇంతలు పని.

అదైనా 4కే తెర ఉన్నవాళ్లకి. మా ఇంట్లో ఉన్నది 24 అంగుళాల మామూలు 1080పీ తెర. 4కే తెర మీద సుమారు 83 లక్షల చుక్కలుంటే దీని మీద 21 లక్షలే. కార్డుకు పని నాలుగో వంతే ఉన్నప్పుడు అది ముందే గీసేసి కూర్చుంటుంది, పాత ప్రాసెసర్ తరవాతి లెక్క అందించేదాకా. నాకు వెంటనే పండగ నాటి పూరీలు గుర్తొచ్చాయి. ఒత్తే మనిషి ఒక్కరే అయితే వేయించడానికి ఎంత పెద్ద మూకుడు పెట్టి ఏం లాభం? నూనె కాగుతూ ఉంటుంది, అంతే. మా తెర మీద, మా మూడేళ్ల నాటి కంప్యూటర్‌లో ఆ ఒకటిన్నర కూడా రాదని వాడే ఒప్పుకున్నాడు. గేములకే అయితే మాకు 5080 కూడా ఎక్కువే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో అందరూ పడేది ఇక్కడే. 2025 జనవరిలో లాస్ వేగస్ సభలో ఎన్విడియా అధినేత జెన్‌సెన్ హువాంగ్ ఇదే వరసలోని 549 డాలర్ల 5070 కార్డు, 1,599 డాలర్ల పాత 4090 పనితనం ఇస్తుందన్నారు. కిటుకు ఏమిటంటే, కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేము తరవాత ఏఐ ఊహించి తయారు చేసిన ఫ్రేములు మూడు దాకా చేరుస్తారు. చూడ్డానికి నున్నగా కదులుతుంది, కాదనను. కానీ మనం మీట నొక్కినప్పుడు అది స్పందించే వేగం ఆ లెక్కన పెరగదు. కూరలో నాలుగు బంగాళాదుంపలు చేర్చి పది మందికి సరిపెట్టడం మనకు తెలియనిదా? తప్పు కాదు. కానీ కూర కిలో ఎంత అని అడిగినప్పుడు బంగాళాదుంపలు తీసి తూచాలి. కార్డులు పోల్చేటప్పుడు కూడా ఆ చేర్చిన ఫ్రేములు తీసేసిన అంకెలే అడగండి.

కరెంటు సంగతి వాడు చెప్పలేదు, నేనే అడిగాను. 5090 పూర్తిగా పనిచేస్తే 575 వాట్లు, 5080 అయితే 360. రోజుకు నాలుగు గంటలు అలా నడిస్తే ఆ తేడాకే నెలకు పాతిక యూనిట్ల పైన. శ్లాబు మారితే ఎంతవుతుందో బిల్లు కట్టేవాళ్లకు తెలుసు. పైగా ఆ 575 వాట్లూ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి. విజయవాడ మే నెలలో గదిలో చిన్న హీటరు పెట్టి, దాన్ని చల్లార్చడానికి ఏసీ వేయాలి. ఇంకా 5090కి 1000 వాట్ల పవర్ సప్లై పెట్టాలని కంపెనీయే చెబుతోంది, 5080కి 850. మాకున్నది 650. అంటే ఏది కొన్నా అదీ మార్చాల్సిందే. ఈ ఖర్చు వాడి లెక్కలో ఎక్కడా లేదు.

అలా అని 5090 దండగమారి వస్తువు అనను. దానితో సంపాదించేవాళ్లున్నారు. పెద్ద పెద్ద త్రీడీ సీన్లు, సొంత కంప్యూటర్‌లోనే నడిపే ఏఐ మోడళ్లు, వాటికి ఆ 32 జీబీ అక్కరకొస్తుంది. మెమరీ అంటే వంటగట్టు లాంటిది. సామాను పట్టినంతవరకూ గట్టు ఎంత వెడల్పున్నా ఒకటే. పట్టకపోతే మాత్రం ప్రతి గిన్నెకూ పక్క గదిలోకి పరిగెత్తాలి, లేదంటే వంటే ఆగిపోతుంది. అలాంటి పని చేసేవాళ్లకు రెట్టింపు ధర కూడా గిట్టుబాటే.

సరిగ్గా ఈ మాట దగ్గరే, అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న మా పెద్దది, "నా సీన్లు ఆగిపోయేది అందుకేనమ్మా" అంది. మామూలుగా అంది, నిష్ఠూరంగా కూడా కాదు. దాని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీ. సబ్మిషన్ ముందు రాత్రి బ్లెండర్‌లో రెండర్ పెట్టి, అది మధ్యలో ఆగిపోతుందేమోనని అలారం పెట్టుకుని లేచి చూసుకునేది. ఎన్నోసార్లు చూశాను. "చదువుకుంటోందిలే" అనుకుని పడుకున్నాను. ఇంట్లో గ్రాఫిక్స్ కార్డుతో నిజంగా పనున్న మనిషి అదే. అది అడగనే లేదు. ఒకసారి అడిగి ఇరవై ప్రశ్నలు విన్న పిల్ల రెండోసారి ఎందుకు అడుగుతుంది?

దాన్ని కూడా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగాను. కాలేజీ పనికి 16 జీబీ చాలంది. రెండర్ పనిలో 5090కీ 5080కీ తేడా గేముల్లో కంటే ఎక్కువేనట. దీని మీద పది నిమిషాలు పట్టేది దాని మీద ఆరేడు నిమిషాల్లో అవుతుందట. "ఆ మూడు నాలుగు నిమిషాలకు లక్ష ఎందుకమ్మా" అంది. 16 జీబీతోనే ఇంకా చవగ్గా 5070 టీఐ ఉంది కదా, అక్కడ ఆగుదామా అన్నాను. ఆగొచ్చు కానీ వచ్చే ఏడు థీసిస్ ఉంది, వేగం కాస్త కలిసొస్తుందంది. ఆ అలారాలు గుర్తొచ్చి నేనే ఒప్పుకున్నాను.

5080, 850 వాట్ల పవర్ సప్లై తీసుకున్నాం. కంప్యూటర్ వాడి గదిలోంచి హాల్లోకి వచ్చింది. దాని సబ్మిషన్ ఉన్న వారం అది దానిది, మిగతా రోజుల్లో వాడిది. వాడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు, తరవాత వాడే వైర్లన్నీ సర్ది బిగించాడు. మిగిలిన డబ్బు బ్యాంకులో వేశాను.

ఈ రెండు కార్డుల్లో ఏది గొప్పది అంటే 5090యే, అందులో అనుమానం లేదు. కానీ కొనేముందు అడగాల్సింది అది కాదు. ఎవరికి, ఏ పనికి, ఏ తెర మీద అని అడగాలి. మనం కూరగాయల దగ్గర, బంగారం దగ్గర, బట్టల దగ్గర రోజూ అడిగే ప్రశ్నే. "నీకు అర్థం కాదులే" అనగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. కూర్చున్నాక, ఆ ప్రశ్నలు మీ అబ్బాయినీ అడగండి, అమ్మాయినీ అడగండి. ఒక్కరినే కాదు.