మెడ పరీక్ష టీకాల నాడే జరగాలి

పసిపిల్లలను బోర్లా నిద్రపుచ్చవద్దని 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ చెప్పింది. నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య ఆ దశాబ్దంలో అక్కడ బాగా తగ్గింది. వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. అయితే తల వెనక చదునైన పిల్లలూ ఎక్కువగా కనబడసాగారు.

మెడ కండరం ఒకవైపు బిగుసుకున్న బిడ్డకు ఈ ముప్పు ఎక్కువ. ఎప్పుడూ ఒకే దిక్కుకు తల వాల్చడంతో మెత్తని పుర్రె అక్కడే అణుగుతుంది.

మన ఇళ్లలో దీనికి ఆవాల దిండు పెడతారు, స్నానం పోసేటప్పుడు తల నొక్కుతారు. వీటితో కండరం సడలదు; నిద్రలో దిండు ప్రమాదం కూడా.

మూడు నెలల లోపు ఫిజియోథెరపీ మొదలైతే చాలామంది కోలుకుంటారు. మెడను మృదువుగా సాగదీయడం, తిరగని వైపు గిలక్కాయ ఆడించడం, మెలకువలో పెద్దల కళ్లెదుట బోర్లా వేయడం తల్లికీ నేర్పుతారు.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు బిడ్డ ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. అక్కడే మెడను, తలను పరీక్షించే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి.