వలిసె చేలో ఫోటోకి డబ్బులెందుకు?

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన పేరెంట్స్ గ్రూపుల్లో అరకు కబుర్లు మొదలవుతాయి. రేపల్లె వైపు వాళ్ళు తెనాలి వచ్చి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ, అక్కడ పొద్దున్నే కిరండూల్ రైలు. అద్దాల బోగీలో సీటు కావాలంటే ముందే రిజర్వేషన్ చేయించుకోండి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు వేసే కేకల కోసమైనా ఆ రైలెక్కాలి.

వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర ఒక ఫిర్యాదు తరచూ వింటున్నాను. "పసుపు పూల చేలో ఫోటో దిగుదామంటే డబ్బులడుగుతున్నారండీ. అదేమన్నా పార్కా?"

పార్కు కాదు, అదే అసలు సంగతి. అది వలిసె పంట. ఆ పువ్వు గింజ కట్టాలి, గింజ నుంచి నూనె తీయాలి. ఆ గిరిజన రైతుకి అది ఏడాది రాబడిలో భాగం. అందరికీ నచ్చిన చోటు ఒకటే కాబట్టి అందరూ అక్కడే దిగుతారు, సాయంత్రానికి చేను మధ్య బాట పడిపోతుంది. మా అడవులదీవి వైపు వరి పొట్ట మీదున్నప్పుడు ఎవరో పదిమంది కారు దిగి, గట్టు దాటి చేలోకొస్తే ఏం చేస్తాం? డబ్బులు తీసుకుని ఊరుకుంటామా, కర్ర తీస్తామా? ఆ లెక్కన అరకు రైతు మనకన్నా మంచివాడే.

అమెరికాలో అరిజోనా, యూటా సరిహద్దున మాన్యుమెంట్ వ్యాలీ ఉంది. ఎర్రమట్టి ఎడారిలో నిటారుగా లేచిన రాతి కొండలు. అక్కడున్న మన బంధువుల ఫోటోల్లో మీరూ చూసే ఉంటారు. అది నవాహో తెగ వాళ్ళ భూమి. 1958 నుంచి పార్కుగా వాళ్ళే నడుపుతున్నారు. టికెట్ డబ్బు వాళ్ళ ప్రభుత్వానికే వెళుతుంది. వాళ్ళు అనుమతించిన రోడ్డు దాటి లోపలికి పోవాలంటే నవాహో గైడ్ వెంట ఉండాల్సిందే. అక్కడ డాలర్లు కట్టి, చెప్పినట్టు విని వస్తాం. అరకులో చిల్లర నోటు తీయడానికి మాత్రం మనసొప్పదు!

బొర్రా గుహలు చూసేటప్పుడు పిల్లలకి ఇంకో మాట చెప్పండి. ఆ చుట్టుపక్కల కొండల్లో ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వం కూడా భూమి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దేశమంతా చెప్పుకునే తీర్పు అది. స్టాలగ్మైటు, స్టాలక్టైటు తేడా పిల్లలకి టీచర్లు ఎలాగూ చెబుతారు, ఇది చెప్పేవాళ్ళు తక్కువ.

మా ఇంట్లో ఈసారి కొన్ని అనుకున్నాం. చేలోకి దిగేముందు రైతుని అడగడం, అడిగినంత బేరం లేకుండా ఇవ్వడం. ఆడవాళ్ళనీ పిల్లలనీ అడక్కుండా ఫోటో తీయకపోవడం. కాఫీ పొడి, పసుపు, పిప్పళ్ళు వారపు సంతలో గిరిజనుల దగ్గరే కొనడం. బొంగు చికెన్ ఎలాగూ తప్పదనుకోండి.

ఒక్క చిక్కుంది. దసరా తొందరగా వచ్చిన ఏడాది వలిసె ఇంకా పూతకి రాదు. నిండుగా చూడాలంటే కార్తీకంలో వెళ్ళాలి. అప్పటికి సెలవులుండవు. రెండో శనివారానికి ఇంకో రోజు కలిపిస్తారేమో, ప్రిన్సిపాల్ గారిని మీరే అడగండి.