నీలిగీతల పింగాణి

పింగాణి అనగానే మన ఇండ్లలో ముందు జ్ఞాపకం వచ్చేది ఊరగాయ జాడీ. అది దీనికి దూరపు చుట్టమే గాని ఈ జాతిది కాదు. జాడీని దీపానికి అడ్డం పెడితే వెలుతురు రాదు. చీనావారి పలుచని గిన్నెను దీపానికెదురుగా పట్టుకుంటే అవతల మన వ్రేళ్ళ నీడ తెలుస్తుంది.

ఈ సరుకుకు పేరుపడ్డ ఊరు చైనాలో జియాంగ్సీ రాష్ట్రపు జింగ్‌దెజెన్. ఆ చుట్టుపట్ల కయోలిన్ అనే తెల్లమట్టీ, దంచితే పిండి అయ్యే ఒక తెల్లరాయీ దొరికాయి. మట్టి పాత్ర ఆకారాన్ని నిలుపుతుంది. రాయి 1300 డిగ్రీల దాపు వేడిలో కరిగి గాజువలె దానిని బిగిస్తుంది.

నీలిరంగు కోబాల్టుది. 14వ శతాబ్దంలో అది పారశీక దేశంనుంచి వచ్చేది. కాల్చని పచ్చిగిన్నె మీదనే బొమ్మ వ్రాయాలి. అది బ్లాటింగు కాగితంవలె రంగును పీల్చేస్తుంది. మా ఆఫీసులో అంకె తప్పితే కొట్టివేసి ప్రక్కన పొట్టి సంతకం పెడతాం. అక్కడ ఆ వసతి లేదు. పైగా వ్రాసేటప్పుడు రంగు నల్లగా, బూడిదవన్నెగా ఉంటుంది. దానిపైన మెరుగుపూత పోసి కాల్చిన తరువాతనే నీలం బయటపడుతుంది. బొమ్మ పూత క్రింద ఉన్నది గనుక ఎన్నాళ్ళు తోమినా చెరగదు.

దాంత్రకోల్ అనే ఫ్రెంచి మతగురువు అక్కడ ఉండి 1712లో ఒక ఉత్తరం వ్రాశాడు. అంచున గీత గీసేవాడు ఒకడట, బొమ్మకు రేఖలు వేసేవాడు ఒకడట, రంగు నింపేవాడు మరొకడట. ఒక్కొక్క పాత్ర మీద 70 మంది చేతులు పడతాయని అతని లెక్క. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1351 నాటి జంట కూజాలున్నాయి. వాటి మెడమీద గుడికిచ్చిన దాత పేరూ, తన కుటుంబం చల్లగా ఉండాలన్న కోరికా వ్రాసి ఉన్నాయి. చేసినవాని పేరు మాత్రం లేదు.

అడుగున చక్రవర్తి ముద్ర ఉన్నదని పాతదనుకోరాదు. వెనుకటి రాజుల ముద్రలను తరువాతివారు ధారాళంగా వాడుకున్నారు. ఇక విల్లోచెట్టు, వంతెన, రెండు పక్షులు ఉన్న పళ్ళెం ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర పుట్టిన అచ్చు. ఆ ప్రేమికుల కథ కూడా అక్కడ కట్టినదే. అటువంటిది మీ ఇంట ఉంటే అంచు నకాషీని వ్రేలితో వెంబడించి చూడండి. అచ్చుకాగితం కొసలు కలిసిన అతుకు ఎక్కడో ఒకచోట చిక్కుతుంది. కుంచెపని అయితే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా ఉంటుంది. పంపకాలప్పుడు పాతసామాను వర్తకుడు గుమ్మంలో నిలబడి వెల చెప్పకముందే ఈపాటి పరీక్ష చేసుకొని ఉంచుకోండి.