సబక్ సెల్లులో ఉంటే కాలేజీ ఎందుకు అంటారా?

"సబక్‌లన్నీ సెల్లులోనే వస్తున్నాయి కదా, ఇంకా ఆడపిల్లను కాలేజీకి పంపడం ఎందుకు?" ఈ సవాల్ ఈ మధ్య మన ఖాందాన్లలో బాగా వినబడుతోంది. షాదీ దావత్‌లో దస్తర్‌ఖాన్ దగ్గర ఒకరు అంటారు. జుమా నమాజ్ అయ్యాక మసీదు బయట చెప్పులు వేసుకుంటూ ఇంకొకరు అంటారు. బస్సు ఖర్చు మిగులుతుందని ఒకరి లెక్క. జమానా ఖరాబైందని ఒకరి ఫికర్. పిల్ల కళ్లముందే ఉంటుందని మరొకరి తసల్లీ. కారణం ఏదైనా ఫైసలా మాత్రం ఒకటే: ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకో బేటా.

ఇలా అనేవాళ్లు తాలీంకు దుష్మన్లు కారు. చిక్కంతా అక్కడే ఉంది. చదువు వద్దనేవాళ్లతో వాదించడం ఆసాన్. చదువుకో అంటూనే చదువు ఆపేసేవాళ్లకు జవాబ్ చెప్పడం కష్టం. వాళ్ల చేతిలో స్మార్ట్‌ఫోన్ అనే సుబూత్ ఉంటుంది మరి.

మా ఆపా కూతురు కర్నూలులో బీఎస్సీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. వాళ్లింట్లోనూ ఈ మాట వచ్చింది. పిల్ల దాదా కదిపారు, దూల్హాభాయి అవుననీ కాదనీ అనలేదు. నేను పిల్లనే అడిగాను. "ఈ ఆన్‌లైన్ సామానంతా నువ్వు కొత్తగా వాడుతున్నావు కదా బేటా, నీకేమనిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పు" అని. కొంత చెప్పింది, కొంత నేను పక్కన కూర్చుని చూశాను.

మొదట తనకు కలిగింది హైరత్. "మామూ, ఇంత మంచి సరుకు ముఫ్త్‌గా ఉందని నాకు ఇన్నాళ్లూ తెలీదు" అంది. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం అనే వేదిక ఉంది. అందులో ఒక్కో కోర్సుకు వీడియో పాఠం, చదువుకోవడానికి రాతపాఠం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు అడిగే చోటు, ఇలా నాలుగు భాగాలు. ఐఐటీ ఉస్తాదులు చెప్పిన ఎన్‌పీటెల్ కోర్సులూ అక్కడే దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ వేరే ఉంది. స్కూలు పిల్లలున్న ఇళ్లలో పాఠ్యపుస్తకం తీసి చూడండి, నల్ల గళ్లతో చదరంగా క్యూఆర్ కోడ్ కనబడుతుంది. దాన్ని దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు తెరుచుకుంటాయి. వీటిలో దేనికీ ఫీజు లేదు. అయినా మనవాళ్లు ముందు వేలకు వేలు కట్టే యాప్‌ల గురించే అడుగుతారు. తాలీం అమ్మేవాళ్లు రోజూ ఫోన్ చేస్తారు, ముఫ్త్‌గా ఇచ్చేవాళ్లు చేయరు, అదీ సంగతి. ఆ పెద్ద కంపెనీల భరోసా ఎంతటిదంటే, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబుల్లో పాఠాలు పెట్టిన బైజూస్ మీద 2024లో దివాలా కేసు నడిచింది.

రెండోది షరం సంగతి. మా పిల్ల క్లాసులో నోరు విప్పదు. అర్థం కాలేదని ఒకసారి అడగడానికే భయం, రెండోసారి అడిగే హిమ్మత్ అసలే లేదు. వీడియోను ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అది విసుక్కోదు. ఒక సమీకరణాన్ని ఏడుసార్లు విన్నానని తానే చెప్పింది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డ పిల్లలకు ఇది చాలా పెద్ద సహారా.

జబాన్ దగ్గర నాకే తెలియని విషయం ఒకటి బయటపడింది. తను ఎక్కువగా చూసేవి తెలుగు వీడియోలు కాదు, ఇంగ్లీషువీ కాదు, హిందీవి. యూట్యూబ్‌లో డిగ్రీ కెమిస్ట్రీకి హిందీ పాఠాలు బోలెడున్నాయి. మన ఇళ్లలో సగం తెలుగు, సగం దఖ్నీ కలిసి నడుస్తుంది కాబట్టి "దేఖో, సమఝో, ఇసీలియే" అనే మామూలు మాటలు పిల్లకు ఉర్దూ వల్ల వచ్చేస్తున్నాయి. శాస్త్రం మాటలేమో తెలుగు వల్ల వస్తున్నాయి. హిందీ మాస్టారు అమ్ల్ అంటే మన ఆమ్లం, క్షార్ అంటే మన క్షారం. ఉర్దూ కితాబ్‌లో ఆమ్లానికి తేజాబ్ అని ఉంటుంది, అదీ మన దాదీల నోట విన్న మాటే. క్లాసులో మిగతా తెలుగు పిల్లలకు హిందీ వాక్యం అడ్డుపడుతుంది. హిందీ ప్రాంతపు ఉర్దూ పిల్లలకు తెలుగు పదం సాయం లేదు. మన పిల్లలకు రెండు తాళంచేతులూ ఉన్నాయి. మనది ఇటూ కాని అటూ కాని జబాన్ అని మనమే చిన్నబుచ్చుకుంటూ ఉంటాం, పిల్లలు దాంతోనే ఫాయిదా పొందుతున్నారు. లిపి దగ్గర మాత్రం ఆగిపోతారు. ఎన్‌సీఈఆర్‌టీ ఈ-పాఠశాలలో ఉర్దూ పుస్తకాలున్నాయి, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉర్దూలో వీడియో పాఠాలు పెట్టింది. వీడియో చెవికి అందుతుంది, పుస్తకం కంటికి అందదు. ఉర్దూ చదవడం నేర్పని నుక్సాన్ ఇలాంటి చోట తెలుస్తుంది. అది వేరే బహస్, ఇంకోసారి చూద్దాం.

ఇంతవరకు విన్నప్పుడు దాదాగారు అన్నదే సహీ కదా అనిపిస్తుంది. మిగతా సగం కూడా వినండి.

"నలభై నిమిషాల వీడియో చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది మామూ. కాపీ తీసి లెక్క వేస్తే మూడో లైనులో ఆగిపోతాను" అంది. చెప్పేవాడి చేయి బోర్డు మీద చకచకా నడుస్తుంటే మన చేయే నడిచినట్టు ఉంటుంది. కాలేజీలో మేడం నలుగురిని లేపి బోర్డు దగ్గరకు పిలుస్తుంది, అక్కడ బయటపడుతుంది ఎవరికి వచ్చు, ఎవరికి రాదు అని. హాజరు పట్టీ అనే ఉర్దూ మాట తెలుగు బడిలో ఊరికే నిలబడలేదు. వీడియోకు హాజరు లేదు. మీరు చూస్తూ నిద్రపోయినా అది పూర్తిగా నడిచి, చూసినట్టు టిక్కు పెట్టుకుంటుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి వచ్చాయి. అడిగిన వెంటనే నిండు యకీన్‌తో జవాబిస్తాయి. సహీ జవాబూ గలత్ జవాబూ ఒకే గొంతుతో చెబుతాయి. ఏది ఏదో తెలుసుకోవడానికి పిల్ల మళ్లీ కాలేజీ మేడం దగ్గరికే వెళుతోంది.

ఇక ల్యాబు. స్కూలు పిల్లలకు ఓల్యాబ్స్, పై చదువులకు వర్చువల్ ల్యాబ్స్ అని ఉన్నాయి. మంచివే. నేనూ పక్కన కూర్చుని ఒక టైట్రేషన్ చేశాను. వేలితో నొక్కితే బ్యూరెట్ నుంచి చుక్కలు పడ్డాయి, రంగు గులాబీకి మారింది, లెక్క వచ్చింది. చాలా మజాగా ఉంది. పిల్ల నవ్వింది. కాలేజీ ల్యాబులో ముందు పిపెట్టు కడుక్కోవాలి, బ్యూరెట్‌లో గాలి బుడగ లేకుండా చూడాలి, ద్రవం మట్టాన్ని కంటికి సమానంగా వంగి చదవాలి. ఆక్సాలిక్ ఆమ్లంలోకి సోడియం హైడ్రాక్సైడ్ వదులుతుంటే లేత గులాబీ రంగు వచ్చిన చుక్క దగ్గరే ఆపాలి. ఇంకొక్క చుక్క పడితే రంగు ముదిరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ ఒక్క చుక్క దగ్గర చేయి ఆపడమే హునర్. రేపు ఏ మందుల కంపెనీలోనో నౌకరీకి వెళ్తే అక్కడ అడిగేది ఆ హునర్ గురించే.

ఇంటి సంగతి అన్నిటికంటే పెద్దది. ఆపా ఇంట్లో మంచి ఫోను భాయ్‌ది, అంటే పిల్ల తమ్ముడిది. తనకు వచ్చేది అమ్మీ పాత ఫోను. రిజిస్ట్రేషన్ చేస్తే ఓటీపీ అబ్బా నంబరుకు వెళ్లింది, అబ్బా దుకాణంలో ఉన్నారు, గిరాకీ ఉంది, ఫోన్ ఎత్తలేదు. మళ్లీ ఓటీపీ, మళ్లీ ఇంతెజార్. మా ఇంటి ఒక్కదాని కథే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 26.5, మగవాళ్లు 57.4. అన్ని మతాలవాళ్లూ కలిసిన లెక్క ఇది. ఇంటర్నెట్ అందరిదీ అంటాం, ఇంట్లోకి వచ్చాక అది ముందు మగపిల్లాడి చేతికే వెళ్తుంది.

ఫోను దొరికినా వక్త్ దొరకదు. మా పిల్ల వీడియో పెట్టుకుని కూర్చున్న గంటలో నేను లెక్కపెట్టాను. దాదీకి నీళ్లు, తలుపు దగ్గర కూరగాయలవాడు, మెహమాన్లకు చాయ్, పొయ్యి మీద సాలన్ మాడకుండా ఒకసారి కలపడం. గంటలో నాలుగుసార్లు లేచింది. ఎవరూ జుల్మ్ చేయలేదు, అందరూ ముహబ్బత్‌గానే పిలిచారు. ఇంట్లో ఉన్న పిల్లను పిలవడం రివాజ్. తమ్ముడు అదే గదిలో ఫోనుతో కూర్చుంటే, పాపం చదువుకుంటున్నాడని తలుపు దగ్గరగా వేశారు.

"కాలేజీలో ఉన్నంతసేపు నన్నెవరూ చాయ్ పెట్టమనరు మామూ" అంది. నవ్వుతూనే అంది.

అందుకే ఆన్‌లైన్ చదువును కాలేజీకి బదులుగా చూపడం గలత్ అంటాను. అది కాలేజీకి తోడు. ఈ మాట నాది మాత్రమే కాదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోగలిగింది 40 శాతం కోర్సుల వరకే. దూరవిద్య కోసమే 1982లో పుట్టిన మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ కూడా పుస్తకాలు పంపి ఊరుకోలేదు, స్టడీ సెంటర్లు పెట్టింది, కాంటాక్ట్ క్లాసులు పెట్టింది.

చదువు ఇప్పటికే ఆగిపోయినవాళ్ల మాట వేరు. షాదీ అయి పిల్లలున్న బహెన్‌కు, దుకాణం వదలలేని భాయ్‌కి ఓపెన్ యూనివర్సిటీ, స్వయం నిజంగా నేమత్. వాళ్లకు మూసుకుపోయిన దర్వాజా తెరుచుకుంది. కాలేజీలో ఉన్న పిల్లను అదే పేరు చెప్పి లోపలికి లాగితే, తెరిచి ఉన్న దర్వాజా మూసినట్టు.

భద్రత గురించి ఫికర్ పడే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. నాకూ ఆడపిల్ల ఉంది. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. జమానా ఖరాబైందని కాలేజీ మాన్పిస్తాం, ఆ ఖరాబు జమానా మొత్తాన్నీ సెల్లులో పెట్టి చేతికి ఇస్తాం. బస్సులో పక్కన సహేలీలు ఉంటారు, కాలేజీలో మేడం ఉంటుంది. నాలుగు గోడల మధ్య ఫోనుతో ఒంటరిగా ఉన్న పిల్లకు ఎవరైనా గలత్ మెసేజ్ పెడితే ఎవరికి చెప్పుకుంటుంది? ఫోను లాక్కుంటారన్న డర్‌తో ఇంట్లో అసలే చెప్పదు.

దాదాగారికి ఇదంతా చెప్పాను. విన్నారు. పిల్ల ఈ ఏడాది కాలేజీకి వెళ్తోంది, వచ్చే ఏడాది మాట వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ప్రస్తుతానికి అది చాలు.

మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఎన్‌పీటెల్ కోర్సులు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మొదలవుతాయని గుర్తుంచుకోండి. 4, 8, 12 వారాల కోర్సులుంటాయి. చదవడానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే ఒక్కో కోర్సుకు 1000 రూపాయల ఇమ్తెహాన్ ఫీజు. 25 మార్కులు వారం వారం చేసే అసైన్‌మెంట్లకు, 75 మార్కులు చివరి పరీక్షకు. ఆ పరీక్ష సెల్లులో ఉండదు, సెంటరుకు వెళ్లి రాయాలి, కాబట్టి ఆ రోజుకు తోడెవరో ముందే అనుకోండి. రిజిస్ట్రేషన్‌లో పిల్ల సొంత నంబరు ఇవ్వండి. సొంత నంబరు లేకపోతే ముందు ఒక సిమ్ తీసివ్వండి.