ఆఖరి నెల జీతం

మా మేనకోడలు నర్సు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్ళు చేసింది. ఎక్కువ కాలం ఐసీయూలోనే, అందులో సగం నైట్ డ్యూటీలు. ఇంకోచోట నాలుగు వేలు ఎక్కువ ఇస్తామన్నారని డిసెంబరు ఒకటిన రాజీనామా ఇచ్చింది. అపాయింట్‌మెంట్ లెటర్లో రాసిన ముప్పై రోజుల నోటీసు ఒక్క రోజు కూడా తగ్గకుండా పనిచేసి 31న బయటికొచ్చింది. నో డ్యూస్ ఫారం మీద ఆరు సంతకాలు కావాలి. స్టోర్సు, ఫార్మసీ, హాస్టలు, ఇలా ఐదు ఒక్కరోజులోనే అయిపోయాయి. ఆరోది అకౌంట్స్ వాళ్ళది. దాని కోసం నాలుగుసార్లు తిరిగింది. ఒకసారి సారు మీటింగులో ఉన్నారన్నారు, ఒకసారి సంక్రాంతి సెలవులన్నారు, ఆ తర్వాత ఫైలు ఎండీ గారి టేబుల్ మీద ఉందన్నారు. ఆగింది ఇరవై నాలుగు వేలు, డిసెంబరు నెల జీతం.

"పోనీలే మామయ్యా, గొడవెందుకు" అంది నాతో.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రాత్రి రెండింటికి వెంటిలేటర్ అలారం మోగితే పరుగెత్తిన పిల్ల, తన రెక్కల కష్టం అడగడాన్ని గొడవ అంటోంది. తెలంగాణ పల్లెల్లో జీతగాడు అంటే ఏడాదికి కుదిరిన మనిషి. నడుమ మానేస్తే అప్పటిదాకా చేసిన నెలలకు గింజలు కొలిచిమ్మని దొరను అడిగే ధైర్యం ఎందరికి ఉండేది? ఇప్పుడు మెడలో ఐడీ కార్డు, బ్యాంకులో శాలరీ అకౌంటు ఉన్నాయి. అడగాలంటే గొంతు పెగలకపోవడం మాత్రం అలాగే ఉంది.

చట్టం నిజానికి ఆమె పక్కనే ఉంది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక పెద్ద లోటు ఉండేది. యజమాని తీసేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని చెప్పింది గానీ, తనంతట తాను మానేసినవాడి గురించి ఆ మాట అనలేదు. పైగా చివరికి వచ్చేసరికి నెలకు 24,000 రూపాయల పైన జీతమున్న వాళ్ళకు ఆ చట్టమే వర్తించేది కాదు. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్ ఆ రెండు లోట్లనూ పూడ్చింది. తీసేసినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాల్లో జీతం చేతికి రావాలి. జీతం ఎంతైనా సరే. ఈ కోడ్ అమల్లోకి రావడానికి ఆరేళ్ళు పట్టింది, 2025 నవంబరు 21న వచ్చింది. అంటే మా అమ్మాయి రాజీనామా చేసేనాటికి పది రోజుల ముందే. "ఫుల్ అండ్ ఫైనల్‌కి నలభై ఐదు రోజులు పడుతుంది, కంపెనీ పాలసీ" అని చెప్పే హెచ్‌ఆర్ వాళ్ళు తెలుసుకోవాల్సింది ఇదే. పాలసీ చట్టానికి లోబడి ఉండాలి.

యజమానుల వైపు ఒక బాధ ఉంది, దాన్ని కొట్టిపారేయను. చెప్పాపెట్టకుండా మానేసేవాళ్ళు ఉంటారు. పదిమంది చేసే వార్డులో ఇద్దరు ఒకేసారి వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ నడుం విరుగుతుంది. కానీ అది వేరే లెక్క. నోటీసు తగ్గితే ఎన్ని రోజులు తగ్గింది, ఒప్పందంలో ఏముంది అన్నది కాగితం మీద చూపించాలి. వస్తువు పాడైతే జీతంలో కోసే ముందు ఆ మనిషి సంజాయిషీ వినాలని చట్టమే చెబుతోంది. ఏ లెక్కా చూపించకుండా మొత్తం జీతాన్ని బిగబట్టుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ నెల పని అప్పటికే జరిగిపోయింది. ఆ రోగులు కోలుకుని బిల్లులు కట్టి ఇళ్ళకు కూడా వెళ్ళిపోయారు.

ఆమె చేత ఒక ఉత్తరం రాయించాను. ఒక్క పేజీ. చేరిన తేదీ, రాజీనామా తేదీ, ఆఖరి పనిరోజు, రావలసిన మొత్తం, ఏడు రోజుల గడువు. తిట్టు లేదు, బెదిరింపు లేదు. స్పీడ్ పోస్టులో ఎండీ పేరున ఒకటి, మెయిల్లో ఇంకొకటి పంపాం. రాజీనామా అందిందని హెచ్‌ఆర్ ఇచ్చిన జవాబు, పేస్లిప్పులు, డ్యూటీ రోస్టర్ ఫోటోలు తన దగ్గర ఉండబట్టి పని తేలికైంది. ఆఫీసు మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికే మూసేస్తారు. ఉద్యోగం మానాలని అనుకున్న రోజే ఇవన్నీ సొంత మెయిల్‌కి పంపుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను.

గడువు దాటినా రాకపోతే కార్మిక శాఖకు అర్జీ పెడదామనుకున్నాం. కొత్త కోడ్ ప్రకారం అర్జీకి మూడేళ్ళ దాకా వ్యవధి ఉంది, పాత చట్టంలో ఏడాదే. మన తరఫున రిజిస్టరైన యూనియన్ కూడా వేయొచ్చు. జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు, కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించొచ్చు. ఇంత బలమున్న సెక్షన్ గురించి మూడేళ్ళు ఐసీయూలో పనిచేసిన అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. నర్సింగ్ కాలేజీలో, ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి ఏడాది ఒక్క గంట దీనికి కేటాయిస్తే ఏం పోతుంది?

అయితే అసలు భయం జీతం గురించి కాదు. ఆమె "గొడవెందుకు" అన్నది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం. కొత్త ఆసుపత్రి అది అడిగింది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకునే సంస్థలూ ఉన్నాయి. కాగితం వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం జీతం అడిగే నోరు లేవదు. వేతనాల కోడ్ డబ్బుకి రెండు రోజుల గడువు పెట్టి, ఈ కాగితం ఊసెత్తలేదు. ఎత్తాలి. జీతంతో పాటే, అదే రెండు రోజుల్లో, పనిచేసిన కాలాన్ని ధ్రువీకరించే పత్రం ఇవ్వాలని స్పష్టంగా రాయాలి. ఇవ్వని రోజుకింత అని జరిమానా కూడా పెట్టాలి.

ఉత్తరం వెళ్ళిన ఆరో రోజున ఇరవై నాలుగు వేలూ అకౌంట్లో పడ్డాయి. ఫోన్ రాలేదు, జవాబు రాలేదు. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. కొత్త ఆసుపత్రి వాళ్ళు పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఒక నెల గడువిచ్చారు. నిన్న రాత్రి రెండో ఉత్తరం రాసి నాకు చూపించింది. ఈసారి నేను దిద్దాల్సిన అవసరం రాలేదు.