పంజరపు పిట్టల మేత: గుళికలకు తోడుగా నేమి పెట్టవలెను?



మొన్నటి మాసమున నొక సోదరి మాకిట్లు వ్రాసినది. వారి యింట రెండు జతల బడ్జరిగార్ పిట్టలు కలవట. పెల్లెట్లని యంగళ్లలో నమ్మెడు గుళికలు తప్ప మఱేమియు పెట్టరాదని పిట్టల నమ్మినవాడు చెప్పెనట. ఆ యెండుగుళికలతో నోరులేని ప్రాణు లెట్లు బ్రదుకునని వారి యత్తగారు దినమును గుప్పెడు గింజలు వేయుచున్నారట. ఎవరి మాట వినవలెనని యామె ప్రశ్న. ఇద్దరి మాటలలోను కొంత నిజము కలదు.

ముందుగా నొక్క మాట. మేమిచ్చట చెప్పునది బడ్జరిగార్లు, కాకటీళ్లు మొదలగు విదేశపు పిట్టలను గూర్చియే. మన తోటల రామచిలుకను పంజరమున నుంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. బడ్జరిగార్లను మన యూళ్లలో లవ్ బర్డ్స్ అని పిలుచుట వాడుకయే గాని, ఆ పేరు గల అసలు పిట్టలు ఆఫ్రికా ఖండమునవి, వేఱుజాతివి. బడ్జరిగారు ఆస్ట్రేలియా మెట్టభూముల పిట్ట. జాన్ గౌల్డను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో దీనిని సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయిన పిమ్మట లోకమంతట వ్యాపించినది.

కొఱ్ఱలు, సజ్జలు, వరిగలు దీనికి మిక్కిలి ప్రీతి. కాని గింజలలో ఏ విటమిను, కాల్షియము మిక్కిలి తక్కువ. పొద్దుతిరుగుడు గింజలలో నూనె యధికము. గింజలే తిని పెరిగిన పంజరపు పిట్టకు కాలేయమున క్రొవ్వు పేరుకొనును. ముక్కున, గొంతున వ్యాధులు పుట్టును. ఈ లోపము తీర్చుటకే ధాన్యము, విటమినులు, ఖనిజములు కలిపి గుళికలు చేయుచున్నారు. పిట్ట తనకు రుచించిన గింజ నేరుకొని తక్కినది విడుచునట్లు గుళికలో నేరుకొనుటకు వీలులేదు. కావున మేతలో సగమునకు మించి గుళికలుండుట మేలే.

అయితే గింజలను ఒక్కదినమున మాన్పింపరాదు. గింజలకు మరగిన పిట్ట గుళికను తినెడు వస్తువుగా నెఱుగదు. దానిని ముక్కుతో పొడిచేసి గిన్నె యడుగున రాల్చును. మనమా పొడిని చూచి తినుచున్నదని సంతసింతుము. అది యాకలితో క్షీణించుచుండును. వంటింటిలో గ్రాములు చూపు త్రాసు గలవారు పిట్టను చిన్న డబ్బాలో నుంచి, ప్రతిదినము ఉదయము మేతకు ముందు తూచవలెను. బడ్జరిగారు సాధారణముగా 30 మొదలు 40 గ్రాములు తూగును. 36 గ్రాముల పిట్ట 32కు దిగెనా, పాతమేతను వెంటనే తిరిగి పెట్టవలెను. ఈ మార్పునకు నెలయో రెండు నెలలో పట్టును. రంగు గుళికలు తినిన పిట్ట రెట్టలోను ఆ రంగు కనబడును. ఎఱ్ఱని రెట్టను చూచి నెత్తురని మేమొకనాడు గుండెలు బాదుకొంటిమి!

ఇక గుళికలకు తోడు. దీనికి మన వంటిల్లు చాలును. క్యారెట్టు తురుము, ఉడికించిన చిలగడదుంప, ఎఱ్ఱగుమ్మడి, కొత్తిమీర, అన్నిటికన్న ముఖ్యముగా మునగాకు. లేతరెమ్మను పలుమార్లు కడిగి పంజరపు కమ్మికి కట్టినచో పిట్ట తలక్రిందులుగా వ్రేలాడి తినును. ఆ యాటయు దానికి కావలసినదే. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు మాత్రమే. వానిలోని ఆక్సాలిక్ ఆమ్లము కాల్షియమును పట్టియుంచి ఒంటికి అందనీయదు. గింజలు పిట్ట యొక్కింటికి దినమునకు చిన్నచెంచాడు మించరాదు. ఆయుర్వేదపు కొట్లలో సముద్రపు నురుగని యమ్ముదురు. అది నురుగు కాదు, ఒక సముద్రప్రాణి యెముక. మందు లేమియు కలియని ముక్కను కడిగి యెండబెట్టి పంజరమునకు కట్టినచో పిట్ట తనకు కావలసినంత కాల్షియమును తానే గీరుకొనును. వెన్నపండు, చాక్లెటు, కాఫీ, తేయాకు, ఉల్లి, ఉప్పు వేసిన పిండివంటలు కూడవు. వీనిలో వెన్నపండును చాక్లెటును పిట్టకు విషమే.

గుళికలు తినెడు పిట్టకు నీటిలో విటమిను బొట్లు కలుపుట మఱియొక పొరపాటు. గుళికలలో డి విటమిను ఇదివరకే యున్నది. దానిపై మరల పోసినచో ఒంటిలో మితిమీరి, మూత్రపిండములలో సున్నము నిలుచును. మందు కలిపిన నీరు మన యెండలకు త్వరగా చెడును. తడిసిన గుళికలును అంతే. రెండు గంటలకు తీసి పాఱవేయవలెను. వానకాలమున గుళికలను మూత గట్టిగా పట్టు డబ్బాలో నుంచి, ముక్క వాసన పుట్టినచో ధరకు వెఱవక పాఱవేయుడు.

పిల్లలను చేయించు పిట్టల సంగతి వేఱు. సాధారణపు గుళికలు పెద్దపిట్ట పోషణకు లెక్కించి చేసినవి. గుడ్లు పెట్టు పిట్టకు మాంసకృత్తులు, కాల్షియము అంతకన్న హెచ్చుగా కావలెను. గూటికుండ కట్టుటకు రెండు మూడు వారములు ముందుగా గుడ్డుముద్ద మొదలిడవలెను. కోడిగ్రుడ్డును పన్నెండు నిమిషములు ఉడికించి, పెంకుతో కూడ మెదిపి, క్యారెట్టు తురుము, పొడిచేసిన గుళికలు కలిపి, జతకు చెంచాడు పెట్టుడు. కొఱ్ఱలను రాత్రి నానవేసి, కడిగి గుడ్డలో మూటగట్టి, మొలక తల చూపగనే పెట్టుట మిక్కిలి మంచిది. పుల్లని వాసన పుట్టినచో పనికిరాదు.

ఈ మెత్తనిమేతకు బలముతో పాటు మఱియొక గుణము కలదు. బడ్జరిగారు తన దేశమున వాన కురిసి గడ్డి పచ్చగా గింజపట్టినప్పుడు గుడ్లు పెట్టును. ఎప్పుడు వాన వచ్చునో తెలియని నేల యగుటచే, మేత సమృద్ధిగా కనబడుటయే దానికి ఋతువు. మొలకలు, గుడ్డుముద్ద మన పంజరమున కురిపించిన వాన వంటివి. వానిని ఆపనిచో పిట్ట గుడ్లు పెట్టుట నాపదు.

ఈ సంగతి మాకు తెలియని దినములలో మా యింట నొక పచ్చని యాడపిట్ట యుండెడిది. తొలికాన్పున ఐదు పిల్లలు లేచినవి. తల్లి యలసినదని గుడ్డుముద్దను ఇంకను హెచ్చించితిమి, కుండను తీయనైతిమి. వెంటనే రెండవ కాన్పు, దాని వెంట మూడవది. ఒకనాటి యుదయమున నది కుండలో గాక పంజరపు టడుగున ఈకలు పొంగించుకొని కూర్చుండెను. తోక యూపిరితో పాటు పైకిని క్రిందికిని ఆడుచుండెను. చలి యనుకొని పంజరముపై దుప్పటి కప్పితిమి. మధ్యాహ్నమునకు భయము పుట్టి పశువైద్యునికడకు కొనిపోవుచుండగా త్రోవలోనే మా చేతిలో ప్రాణము విడిచెను. గుడ్డు లోపలనే చిక్కుకొన్నదనియు, వరుస కాన్పులచే దాని యొంటిలోని కాల్షియ మంతయు కరగినదనియు, ఉదయముననే తెచ్చియున్నచో బ్రదికియుండెడిదేమో యనియు ఆయన చెప్పెను. ఆ మధ్యాహ్నము మా మగపిట్ట కుండ ద్వారమున కూర్చుండి యెంతసేపో పిలుచుచుండెను.

అప్పటినుండి మా యింట సంవత్సరమునకు రెండు కాన్పులకు మించి లేవు. పిల్లలు తమంత తాము మేత తినగనే కుండ తీసివేసి, గుడ్డుముద్ద, మొలకలు మాన్పి, గుళికలకును ఆకులకును మరలింతుము. సముద్రపు నురుగు మాత్రము ఏడాది పొడవున నుండును. ఏడాది నిండని యాడపిట్టను జతకు విడువము. ఉదయమో సాయంకాలమో కొంతసేపు, సగము నీడ యుండునట్లు, పంజరమును ఎండలో నుంతుము. అద్దము వెనుక నుంచిన ఎండ డి విటమిను పుట్టింపదు.

మాకు వ్రాసిన సోదరి తన యత్తగారి గుప్పెడును మాన్పింప నక్కఱలేదు. ఆ చేతికి చిన్నచెంచా నొకటి యిచ్చి, తక్కిన పూటలకు మునగరెమ్మ నందించిన చాలును. ఆడపిట్టలు రెండింటిని ఈ వారమే తూచి, కుండలు కట్టియున్నవో లేవో, ఎన్ని కాన్పులైనవో మాకు మరల వ్రాయుమని కోరుచున్నాము.